బుజ్జీ, ఆ 777 జోలికి పోకు

విజయవాడ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పెదనాన్న మోకాలు కాస్త నయం, మళ్ళీ పొద్దున్నే కాలవగట్టు మీద నడకకి బయల్దేరుతున్నారు. ఈసారి ఆవకాయలో ఉప్పు కొంచెం ఎక్కువైంది, అయినా బాగానే కుదిరింది. జాడీ పంపిస్తానంటే మీ అమ్మ వద్దంది. నువ్వు రాత్రుళ్ళు అన్నం మానేసి ఆ నల్ల తెర ముందే కూర్చుంటున్నావట. సర్వర్ ఎక్కడికీ పోదే తల్లీ. ముందు తిను.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ వరసగా చూశాను. "777 కొట్టాను, పనైపోయింది పెద్దమ్మా" అని రాసి నవ్వే బొమ్మ పెట్టావు. నాకు నవ్వు రాలేదు. మర్నాడే ఇంకో మెసేజి: "ఇప్పుడు సర్వర్ నన్నే లాగిన్ కానివ్వట్లేదు, ఇది వేరే గొడవనుకుంటా." వేరే గొడవ కాదే పిచ్చిదానా, రెండూ ఒకటే. మొహం ముడుచుకోకు. మన ఇంట్లో ఈ సంగతులు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను తిట్టకపోతే ఎవరు తిడతారు?

ఫోనులో చెప్తే సగం వినేలోపే టైప్ చేసేస్తావు. అందుకే ఉత్తరం. కమాండ్లు కూడా నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లీషులోకి మార్చుకో. కానీ మొత్తం చదివాకే కీబోర్డు ముట్టుకో.

అసలు జరిగిందేమిటో చెప్తా విను. సైట్ ఫైళ్ళని నీ హోమ్ డైరెక్టరీలో పెట్టావు. ఇంజిన్‌ఎక్స్ అనుమతి లేదంటూ 403 చూపించింది. సైట్ ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ 777 ఇచ్చావు, అయినా 403 పోలేదు. అప్పుడు చిరాకేసి సుడో పెట్టి, మైనస్ క్యాపిటల్ ఆర్ తగిలించి, హోమ్ మొత్తానికి 777 కొట్టావు. సైట్ వచ్చింది. మొదటిసారి ఎందుకు రాలేదు, రెండోసారి ఎందుకు వచ్చింది అని ఒక్క నిమిషం ఆలోచించావా? ఆలోచించి ఉంటే ఈ ఉత్తరం నాలుగు లైన్లలో అయిపోయేది.

ఇంజిన్‌ఎక్స్ పని చేసేది నీ పేరు మీద కాదు. ఉబుంటులో దాని పనివాళ్ళు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ హైఫన్ డేటా అనే యూజర్ పేరు మీద నడుస్తారు. ఆ యూజర్ నీ ఫైలు దాకా రావాలంటే స్లాష్, హోమ్, నీ డైరెక్టరీ, సైట్ ఫోల్డర్, ఇలా దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీకీ ఎక్స్, అంటే లోపలికి వెళ్ళే అనుమతి, ఉండాలి. ఒక్కచోట లేకపోయినా ఆఖరున ఫైలు ఎంత బార్లా తెరిచి ఉన్నా ఒకటే. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్‌ని 750తో పెడుతోంది, అంటే బయటివాళ్ళకి ఏమీ లేదు. అంతకుముందు 755 ఉండేది. మీ సీనియర్ అబ్బాయి పాత సర్వర్‌లో ఇదే పద్ధతి పనిచేసిందన్నావే, అది పాత ఉబుంటు అయ్యుంటుంది. అతను అబద్ధం చెప్పలేదు, నువ్వూ తప్పుగా కాపీ కొట్టలేదు. మధ్యలో నియమం మారింది, అంతే.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క కమాండు చాలు. నేమ్‌ఐ మైనస్ ఎల్, పక్కన ఫైలు పూర్తి దారి. స్లాష్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టుకి ఒక్కో లైను చొప్పున ఓనరు, గ్రూపు, అనుమతులు వరసగా చూపిస్తుంది. నీ డైరెక్టరీ ఉన్న లైనులో చివరి మూడు స్థానాల్లో మూడు గీతలు కనిపించేవి. చూడగానే నీకే తెలిసిపోయేది. లైనక్స్‌లో ఇది దాదాపు ఎప్పుడూ ఉండేదే, అయినా ఎందుకో ఎవరూ నేర్పరు. ఉద్యోగంలో చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటిరోజే ఇది నేర్పాలంటాను నేను.

ఇక లాగిన్ సంగతి. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కి ఒక పట్టింపు ఉంది. నీ హోమ్‌లో గానీ, డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో గానీ, ఆథరైజ్డ్ కీస్ ఫైలులో గానీ వేరేవాళ్ళు రాయగలిగితే, నీ కీ సరైనదైనా అది నమ్మదు. నమ్మకూడదు కూడా. ఎవరైనా వచ్చి తమ కీని అందులో పెట్టేసుకోవచ్చు కదా. 777 కొట్టి నువ్వు చేసింది అదే, అందరికీ రాసే హక్కు ఇచ్చావు. నీ వైపు తెరమీద ఉత్త "పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ" అని మాత్రమే కనిపిస్తుంది. అసలు కారణం సర్వర్‌లో ఆథ్ డాట్ లాగ్‌లో ఉంటుంది: "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ" అని నీ హోమ్ పేరుతో సహా.

పాత టెర్మినల్ విండో ఒకటి మూయకుండా ఉంచానన్నావు. బతికిపోయావు. దాన్ని మూయకు. అందులోంచే హోమ్‌కి 750, డాట్ ఎస్ఎస్‌హెచ్‌కి 700, ఆథరైజ్డ్ కీస్‌కి 600 పెట్టు. తర్వాత ఇంకో కొత్త విండో తెరిచి లాగిన్ అయి చూడు. అయ్యాకే పాతది మూయి. సైట్‌ని హోమ్‌లోంచి తీసి స్లాష్ వార్ స్లాష్ డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ కింద పెట్టుకో, దాని స్థానం అదే. హోమ్‌లోనే ఉంచాలని పట్టుబడితే, సెట్‌ఎఫ్ఏసీఎల్‌తో ఆ వెబ్ యూజర్ ఒక్కడికే నీ హోమ్ మీద ఎక్స్ ఇవ్వచ్చు. లోపలికి దారి దొరుకుతుంది, నీ హోమ్‌లో ఏమేం ఉన్నాయో జాబితా మాత్రం కనిపించదు. నాకైతే మొదటిదే ఇష్టం.

ఒక మెలిక ఉంది, చూసుకో. సైట్ ఫోల్డర్‌ని మళ్ళీ సరిచేసేటప్పుడు ఎవరో ఒకరు నీకు క్యాపిటల్ ఎక్స్ చిట్కా చెప్తారు. డైరెక్టరీలకి మాత్రమే ఎక్స్ ఇస్తుంది, ఫైళ్ళకి ఇవ్వదు అంటారు. మంచి చిట్కానే. కానీ అప్పటికే ఫైలు మీద ఎక్స్ ఉంటే దాన్ని అలాగే ఉంచేస్తుంది. నువ్వు 777 కొట్టావు కాబట్టి నీ బొమ్మలకీ, స్టైల్ షీట్లకీ అన్నిటికీ ఎక్స్ వచ్చి కూర్చుంది, క్యాపిటల్ ఎక్స్ వాటిని కదపదు. ఫైండ్ వాడు. టైప్ డి వాటికి 755, టైప్ ఎఫ్ వాటికి 644, రెండు విడతలుగా. నడవాల్సిన స్క్రిప్టులేమైనా ఉంటే వాటికి మాత్రం చేత్తో ఎక్స్ ఇచ్చుకో.

మేము ఉద్యోగాల్లో చేరినప్పుడు ఆఫీసంతటికీ ఒకటే యూనిక్స్ మిషను, దానికి వేలాడుతూ టెర్మినళ్ళు. ఒకళ్ళ చెయ్యి జారితే గది మొత్తం కేకలు వినపడేవి. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. ఎవరు వెళ్ళి "పర్మిషన్ డినైడ్ వస్తోందండీ" అన్నా, ఆయన ముందు వాళ్ళ టెర్మినల్ దగ్గరికి నడిచొచ్చి ఐడీ అని కొట్టేవారు. అడుగుతున్నది ఎవరో తేలాకే ఫైలు మొహం చూసేవారు. మాకు అప్పట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

అక్కడే నేనొక ఘనకార్యం చేశాను. ఒక కుర్రాడి హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్ళన్నిటికీ ఓనర్‌ని మార్చాలి. రూట్‌గా ఉండి సీహెచ్‌ఓన్ మైనస్ క్యాపిటల్ ఆర్ కొట్టి, ఫైళ్ళ పేరు దగ్గర చుక్క, నక్షత్రం అని పెట్టాను. చుక్క తర్వాత ఏదైనా అంటే రెండో చుక్క కూడా ఏదైనాలోకే వస్తుంది. రెండు చుక్కలంటే పై డైరెక్టరీ. అది పైకెక్కి, మళ్ళీ కిందికి దిగి, ఆఫీసులో అందరి హోమ్‌లూ ఆ కుర్రాడి పేరున రాసేసింది. బాష్ 5.2 నుంచి చుక్క-నక్షత్రంలో రెండు చుక్కలని కలపడం మానేశారు. అయినా నువ్వు ఏ సర్వర్‌లో ఏ షెల్ ముందు కూర్చుంటావో ఎవరికి తెలుసు? మైనస్ ఆర్ అన్నప్పుడల్లా ముందు అదే పేరుని ఎకో పక్కన పెట్టి కొట్టి, ఏమేం వస్తున్నాయో చదివి చూడు.

ఇక 777 మీద నాకెందుకింత కోపమో చెప్తా. అందరికీ అన్నీ ఇచ్చేస్తుందని ఒక కారణం. అది నీకూ తెలుసు. నీకు తెలియనిది, అది ఉన్నవాటిని తీసేస్తుంది కూడా. అనుమతుల్లో మూడు అంకెల ముందు ఇంకో అంకె ఉంటుంది. నీ పాస్‌వర్డ్ నువ్వే మార్చుకుంటావు కదా, అది దాచే షాడో ఫైలు రూట్‌ది, నువ్వు దాన్ని చదవను కూడా లేవు. మరి ఎలా మారుతోంది? పాస్‌వర్డ్ ప్రోగ్రాం మీద ఆ ముందు అంకెలో ఉండే సెట్‌యూఐడీ బిట్ ఉంది, అది నడిచినంతసేపూ రూట్ హోదాతో నడుస్తుంది. డెన్నిస్ రిచీ ఆలోచన అది, 1973లో పేటెంటుకి పెట్టారు, 1979లో వచ్చింది. సుడో కూడా ఆ బిట్ మీదే బతుకుతోంది. ఎవరైనా మహానుభావుడు స్లాష్ యూఎస్ఆర్ మీద మైనస్ క్యాపిటల్ ఆర్ 777 కొడితే ఫైళ్ళ మీద ఆ బిట్ ఎగిరిపోతుంది. తర్వాత సరిచేద్దామని సుడో కొడితే, నా మీద సెట్‌యూఐడీ బిట్ లేదు అని సుడోనే చేతులెత్తేస్తుంది. ఇంకోటి, అంతకుముందు ఏ ఫైలుకి ఏముందో ఆనవాలు మిగలదు. తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యాన్ని నువ్వే తుడిచేసినట్టు. నీ 403లో ఒక్క డైరెక్టరీ మీద ఒక్క ఎక్స్ తక్కువైంది బుజ్జీ. దానికోసం హోమ్ మొత్తం ఊరందరికీ రాసిచ్చావు.

సరే, తిట్లు అయిపోయాయి. కాఫీ తాగి మిగతాది చదువు.

"నేనే ఓనర్‌ని, గ్రూప్‌లో కూడా ఉన్నాను, అయినా రాయనివ్వట్లేదు" అని ఇంతకుముందొకసారి అడిగావు. యూనిక్స్ మూడింటినీ కలిపి లెక్కేయదు. నువ్వు ఓనర్‌వైతే ఓనర్ మూడు అక్షరాలు చూసి అక్కడే ఆగిపోతుంది. గ్రూప్‌కి రాసే హక్కు ఉండి ఓనర్‌కి లేకపోతే, గ్రూప్‌లో మిగతావాళ్ళందరూ రాయగలరు, నువ్వు తప్ప. వింతగా ఉంటుంది గానీ నియమం అదే. ఓనర్‌వి కాబట్టి సీహెచ్‌మాడ్‌తో నీకు నువ్వే ఇచ్చుకోవచ్చు, అది వేరే సంగతి.

రాయడానికి వీల్లేని ఫైలుని ఎవరో తీసేశారని గాభరాపడ్డావు కదా, దానికి కారణం డైరెక్టరీ. డైరెక్టరీ అంటే స్కూల్లో హాజరుపట్టీ లాంటిది, పేర్లుంటాయి, ఒక్కో పేరు పక్కన నంబరు ఉంటుంది. ఫైలు తీసేయడమంటే పట్టీలోంచి పేరు కొట్టేయడం. పట్టీ మీద రాసే హక్కు ఉన్నవాడు ఎవరి పేరైనా కొట్టేస్తాడు, ఆ పిల్లాడిని అడగడు. అందుకే ఫైలుకి 444 పెట్టి ధీమాగా ఉండకు, డైరెక్టరీ చూడు. స్లాష్ టెంప్ అందరూ రాసే చోటు, అయినా ఒకళ్ళ ఫైలు ఇంకొకళ్ళు తీసేయలేరు, దాని మీద స్టికీ బిట్ ఉంది కాబట్టి. ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ కొడితే చివర టీ అక్షరం కనిపిస్తుంది. డైరెక్టరీ మీద ఆర్ ఉండి ఎక్స్ లేకపోతే ఎలా ఉంటుందో సరదాకి ఒకసారి చేసి చూడు. పేర్లు వస్తాయి, మిగతావన్నీ ప్రశ్నార్థకాలు. ఆ ప్రశ్నార్థకాల వరస ఒకసారి చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు.

గ్రూపుల దగ్గర అందరూ పడే గుంట ఒకటుంది. యూజర్‌మాడ్‌తో నిన్ను గ్రూప్‌లో కలిపారు, అయినా డినైడ్ అంటోంది. ఉత్త ఐడీ కొట్టి చూడు, తర్వాత ఐడీ పక్కన నీ పేరు పెట్టి కొట్టు. మొదటిది నీ ఈ సెషన్‌లో నిజంగా ఉన్న గ్రూపులు చెప్తుంది, రెండోది రికార్డులో ఏముందో చెప్తుంది. రెండోదాంట్లో ఉండి మొదటిదాంట్లో లేకపోతే బయటికెళ్ళి మళ్ళీ లాగిన్ అవ్వాలి. టీమక్స్ వాడుతున్నావా? అయితే దాన్ని కూడా పూర్తిగా ఆపి మొదలుపెట్టు, లేకపోతే పాత గ్రూపులే పట్టుకు వేలాడుతుంది. ఇంకోటి, యూజర్‌మాడ్‌లో క్యాపిటల్ జీ ముందు చిన్న ఏ మర్చిపోయావో, కొత్త గ్రూప్‌లో కలపడంతో ఊరుకోదు, పాత అదనపు గ్రూపులన్నిట్లోంచీ పీకేస్తుంది. సుడో గ్రూప్ కూడా అందులోనే పోతుంది. ఇది కొట్టేముందు రెండుసార్లు చూసుకో, నా మీద ఒట్టు.

ఎర్రర్ మాటలని కూడా చదవడం నేర్చుకో, అన్నీ ఒకటి కావు. పర్మిషన్ డినైడ్ అంటే పైన చెప్పినవి వెతుకు. రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ అని వస్తే సీహెచ్‌మాడ్ జోలికే పోకు, డిస్క్‌లో దోషం కనపడి కెర్నల్ దాన్ని చదవడానికి మాత్రమే పెట్టి ఉండొచ్చు. ముందు డీమెసేజ్ చూడు, బ్యాకప్ సంగతి చూడు. రూట్‌వై ఉండి కూడా ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటే ఎల్ఎస్ఏటీటీఆర్ కొట్టు, ఐ అక్షరం ఉంటే ఎవరో ఆ ఫైలుని కదలకుండా కట్టేశారు. ఎందుకు కట్టారో వాళ్ళని అడిగాకే విప్పు.

మీ ఆఫీసులో రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లున్నాయన్నావు. అక్కడ అనుమతుల మీద ఎస్ఈలినక్స్ అని ఇంకో కాపలా ఉంటుంది. బిట్లన్నీ సరిగ్గా ఉండి, నేమ్‌ఐలో ఏ తప్పూ లేకుండా 403 వస్తే అనుమానం దాని మీద పెట్టు. సైట్ ఫైళ్ళని హోమ్‌లోంచి ఎంవీతో జరిపి ఉంటారు. ఎంవీ చేస్తే హోమ్‌లో ఉన్నప్పటి ఎస్ఈలినక్స్ ముద్రే వాటితో వస్తుంది, సీపీ చేస్తే కొత్త చోటి ముద్ర పడుతుంది. ఎల్ఎస్ మైనస్ క్యాపిటల్ జెడ్‌తో ముద్ర చూడు, రిస్టోర్‌కాన్‌తో సరిచెయ్యి. "ఎస్ఈలినక్స్ ఆపేయ్, సులువు" అని ప్రతి ఆఫీసులో ఒకడు ఉంటాడు. వాడి మాట వినకు. వాడు సరదా మనిషే, టీ తాగు, మాట మాత్రం వినకు.

డాకర్ మొదలుపెట్టాక ఇంకో తలనొప్పి వస్తుంది. లోపలి యూజర్ పేరూ బయటి యూజర్ పేరూ ఒకటైనా సరే, కెర్నల్ చూసేది నంబరునే. ఎల్ఎస్ మైనస్ ఎల్ఎన్ కొడితే పేర్ల బదులు నంబర్లు వస్తాయి, అవి పోల్చుకో. ఎన్ఎఫ్ఎస్ వాటాల్లో కూడా ఇదే పంచాయితీ. పైగా అక్కడ మామూలుగా నీ రూట్‌ని అవతలి సర్వర్ రూట్‌గా ఒప్పుకోదు, ముక్కూ మొహం తెలియని యూజర్‌గా లెక్కేస్తుంది.

సుడో మీద అంత ప్రేమ కూడా వద్దు. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక్కసారి సుడో గిట్ పుల్ కొడితే కొన్ని ఫైళ్ళు రూట్ పేరున పడతాయి. మర్నాడు మామూలుగా పుల్ కొడితే డినైడ్. అప్పుడు మళ్ళీ సుడో. అలా అలవాటైపోతుంది. ఫైండ్ చుక్క మైనస్ యూజర్ రూట్ కొట్టి చూడు, ఇప్పటికే ఎన్ని ఉన్నాయో. వాటికి ఓనర్‌ని నీ పేరుకి మార్చి, ఇక అక్కడ సుడో ముట్టుకోకు. సుడోతోనే పరీక్షించాలనుకుంటే, సుడో మైనస్ యూ, ఆ వెబ్ యూజర్ పేరు, క్యాట్, ఫైలు దారి. ఇంజిన్‌ఎక్స్‌కి ఏం కనిపిస్తుందో నీకూ అదే కనిపిస్తుంది. రూట్‌గా చూసి "నాకు బాగానే వస్తోందే" అంటే ఏం లాభం? రూట్‌కి ఈ బిట్లు దాదాపు అడ్డే రావు.

ఇంకా రాయచ్చు గానీ మీ పెదనాన్న టిఫినుకి పిలుస్తున్నారు. శనివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. చేసేముందు నేమ్‌ఐ కొట్టి వచ్చింది మొత్తం పంపు, "రావట్లేదు పెద్దమ్మా" అని ఒక్క ముక్క కాదు. ఆ పక్కనే ఆ రోజు ఏం తిన్నావో కూడా రాయి.

ఉంటాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ

తా.క.: పెద్దగా ఏదైనా మార్చేముందు ఆ ఫోల్డర్‌లో గెట్‌ఎఫ్ఏసీఎల్ మైనస్ క్యాపిటల్ ఆర్, చుక్క కొట్టి, వచ్చినదాన్ని ఒక ఫైలులో దాచుకో. బెడిసికొడితే అక్కడి నుంచే రూట్‌గా సెట్‌ఎఫ్ఏసీఎల్ రిస్టోర్ చేస్తే ఓనరు, గ్రూపు, అనుమతులు అన్నీ మునుపటిలా వచ్చేస్తాయి. ఆ ఫైలు సర్వర్‌లోనే పెట్టి ఊరుకోకు, నీ ల్యాప్‌టాప్‌లోకి కూడా ఒక కాపీ తెచ్చుకో.